సిపాయిల ఒంటి మీద గ్యాస్ పరీక్షలు: రావల్పిండి నుంచి పోర్టన్ డౌన్ దాకా, రాజ్యం ఎవరి పక్షాన నిలబడింది?

ఎర్రమట్టి:
బ్రిటిష్ పాలన అనగానే జలియన్‌వాలా బాగ్, బెంగాల్ కరువు గుర్తొస్తాయి. రావల్పిండి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇంగ్లండ్‌లో పోర్టన్ డౌన్ అని రసాయన ఆయుధాల పరిశోధన కేంద్రం ఉంది, 1916లో పెట్టారు. 1930ల మొదట్లో అక్కడి శాస్త్రవేత్తలు రావల్పిండి మిలటరీ స్థావరానికి వచ్చి పదేళ్ళకు పైగా పరీక్షలు చేశారు. ఎవరి మీద? బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని మన సిపాయిల మీద, వందల మంది మీద. మస్టర్డ్ గ్యాస్ భారతీయుల చర్మాన్ని బ్రిటిష్ వాళ్ళ చర్మం కంటే ఎక్కువగా కాలుస్తుందా, యుద్ధంలో ఎంత వాడితే శత్రువు పడిపోతాడు, ఇదీ వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది. కొందరిని నిక్కరు, నూలు చొక్కాతో గ్యాస్ చాంబర్‌లోకి పంపారు. ఒళ్ళు తీవ్రంగా కాలిపోయి ఆస్పత్రిలో పడ్డవాళ్ళు ఎంత నరకం చూశారో ఆ శాస్త్రవేత్తల సొంత రిపోర్టుల్లోనే ఉంది. తర్వాత ఆ మనుషులు ఏమయ్యారో, రోగాలొచ్చాయో లేదో ఎవరూ వెళ్ళి చూడలేదు.

లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని కాగితాల ఆధారంగా 2007లో గార్డియన్ పత్రిక దీన్ని బయటపెట్టింది. అప్పుడు పోర్టన్ డౌన్ తరఫున వచ్చిన వాదన ఏంటంటే అది వేరే కాలం, యుద్ధ సమయం, ఇప్పటి కొలతలతో చూడకూడదు అని.

నేను ఈ చర్చ మొదలుపెట్టింది ఒక్క ప్రశ్న కోసం. ఇలాంటివి బయటపడినప్పుడల్లా "ఎవరో కొందరు క్రూరమైన డాక్టర్లు" అనేసి వదిలేస్తాం. నాకు అలా అనిపించడం లేదు. సైన్యంలో కింది ర్యాంకులో ఉన్నవాడు రాజ్యానికి ఏమవుతాడు? జీతగాడా, పౌరుడా, లేక స్టోర్ రూమ్ లెక్కలో ఉన్న సామానా? నా ఉద్దేశంలో ఈ ప్రయోగాలు ఆ సంబంధాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి.

పాలమూరు_పోరడు:
అన్నా, ఇది నేను ఇప్పుడే వింటున్నా. చదివితే కడుపు మండుతుంది. కానీ దీన్ని వర్గం అనాలా, జాతి వివక్ష అనాలా? తెల్లోళ్ళు మనోళ్ళ మీద చేసిన్రు. అది సామ్రాజ్యవాదం కదా.

ఎర్రమట్టి:
తమ్ముడూ, రెండూ ఉన్నాయి. అయితే వాళ్ళు సొంత తెల్ల సిపాయిల మీద కూడా చేశారు. 1916 నుంచి 1989 వరకు పోర్టన్ డౌన్‌లో పరీక్షలకు వచ్చిన బ్రిటిష్ సైనికులు ఇరవై వేల మంది దాకా ఉంటారు. అందులో రోనాల్డ్ మాడిసన్ సంగతి విను, నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

అతను కాన్సెట్ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరి కుర్రాడు, వయసు 20, ఎయిర్‌ఫోర్స్‌లో కింది ర్యాంకు. పరీక్షకు వస్తే 15 షిల్లింగులు, మూడు రోజుల సెలవు ఇస్తామన్నారు. ఆ డబ్బుతో తన అమ్మాయికి నిశ్చితార్థపు ఉంగరం కొనాలనుకున్నాడు. జలుబు మీద పరిశోధన అనుకునే అక్కడికి వచ్చామని ఆ కాలంలో వెళ్ళినవాళ్ళు చాలామంది తర్వాత చెప్పారు. 1953 మే 6న ఇతని చేతికి యూనిఫాం గుడ్డ కట్టి, దాని మీద సారిన్ అనే నరాలను దెబ్బతీసే విషం ఇరవై చుక్కలు పోశారు, మొత్తం 200 మిల్లీగ్రాములు. ముప్పావు గంటలో ప్రాణం పోయింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 27న, ఇంకో సైనికుడికి 300 మిల్లీగ్రాములు వేస్తే కోమాలోకి వెళ్ళి ఎలాగో బతికాడు. అది కళ్ళారా చూశాక కూడా ఆపలేదు, డోసు 200కి తగ్గించి కొనసాగించారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ ఏడాది మరణ విచారణ తలుపులు మూసి జరిపారు. తండ్రిని ఒక్కడినే రానిచ్చి, లోపల విన్నది బయట చెప్పకూడదని నోరు కట్టేశారు. ప్రమాదవశాత్తూ మరణం అని తీర్పు రాసేశారు. మళ్ళీ విచారణ జరిగి "చట్టవిరుద్ధంగా చంపారు" అని జ్యూరీ తేల్చడానికి 2004 నవంబర్ దాకా పట్టింది. 51 ఏళ్ళు. నేరం కింద మాత్రం ఒక్కరి మీద కూడా కేసు పెట్టలేదు.

మాజీ_హవల్దార్:
నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆర్మీలో చేసి వచ్చినవాడిని, కాబట్టి కొంచెం వేరుగా మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. రావల్పిండిలో జరిగింది, మాడిసన్‌కి జరిగింది ఘోరం. అందులో రెండో మాట లేదు. కానీ సైన్యంలో ప్రయోగాలన్నీ కుట్రలే అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. సియాచిన్‌లో జవాను ఊపిరితిత్తుల్లో నీరు ఎందుకు చేరుతుందో, ఎన్ని రోజులు ఎంత ఎత్తులో ఆపి పైకి పంపాలో ఎలా తెలిసింది? 1962లో మనవాళ్ళు ఏ అలవాటూ లేకుండా మైదానాల నుంచి కొండల మీదికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి, ఆ తర్వాత ఆర్మీ డాక్టర్లు జవాన్లనే పరీక్షించి నేర్చుకున్నారు. దాని వల్ల ఎంతమంది బతికారో నేను కళ్ళతో చూశాను.

గ్యాస్ మాస్కు పని చేస్తుందో లేదో ఎవరో ఒకరు పెట్టుకుని చూడాలి కదండీ.

ఎర్రమట్టి:
హవల్దార్ గారూ, మీ మాటకు విలువ ఇస్తున్నాను. గ్యాస్ మాస్కు పెట్టుకుని చూడటం వేరు, మాస్కు గురించి అని చెప్పి పిలిచి ఇంకేదో ఇవ్వడం వేరు. టెక్సాస్ నుంచి రాసే మిత్రుడు ఉన్నాడు, అమెరికా కేసు అతనికి బాగా తెలుసు, అతన్నే చెప్పమంటాను.

టెక్సాస్_నుంచి:
అవునండీ, నేను లా చదివేటప్పుడు ఈ కేసు మాకు పాఠం. జేమ్స్ స్టాన్లీ అని మాస్టర్ సార్జెంట్. 1958లో, రసాయన దాడి నుంచి కాపాడే దుస్తులను పరీక్షిస్తాం రమ్మంటే స్వచ్ఛందంగా వెళ్ళాడు. మేరీలాండ్ రాష్ట్రంలో ఎడ్జ్‌వుడ్ అనే ఆర్మీ కేంద్రంలో అతనికి తెలియకుండా ఎల్‌ఎస్‌డీ అనే భ్రమలు పుట్టించే మత్తుమందు ఇచ్చారు, నాలుగు సార్లు. తర్వాత లేనివి కనపడటం, జ్ఞాపకం పోవడం, రాత్రిళ్ళు లేచి భార్యాపిల్లల్ని కొట్టడం, తెల్లారాక ఏం చేశాడో గుర్తుండకపోవడం. సంసారం చెదిరిపోయింది. ఎందుకిలా అయిపోయాడో అతనికే తెలియదు. 1975లో ఆర్మీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 1958లో ఎల్‌ఎస్‌డీ తీసుకున్న స్వచ్ఛంద సేవకుల ఆరోగ్యం ఎలా ఉందో చూడాలి, సహకరించండి అని. అంటే తన జీవితం ఎందుకు పాడైందో 17 ఏళ్ళ తర్వాత ఒక ఆఫీసు ఉత్తరం చదివి తెలుసుకున్నాడు.

కోర్టుకి వెళ్ళాడు. 1987లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాదు పొమ్మంది. కారణం ఫెరెస్ అనే 1950 నాటి తీర్పు. సర్వీసులో ఉండగా, సర్వీసు పనిలో భాగంగా జరిగిన నష్టానికి సైనికుడు ప్రభుత్వం మీద దావా వేయకూడదు, వేస్తే క్రమశిక్షణ దెబ్బతింటుంది అని దాని సారాంశం. విభేదించిన జడ్జీలు న్యూరెంబర్గ్‌ని గుర్తు చేశారు. నాజీ డాక్టర్లను బోనులో నిలబెట్టి, మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేనిదే ప్రయోగం చేయరాదు అని 1947లో రాసింది అమెరికా జడ్జీలే. వాళ్ళ దేశపు సార్జెంటుకే ఆ రక్షణ దొరకలేదు.

ఎడ్జ్‌వుడ్‌లో 1955 నుంచి 1975 వరకు దాదాపు ఏడు వేల మంది సైనికుల మీద 250కి పైగా రసాయనాలు పరీక్షించారు. ఇంకో సంగతి, ఇది పాలమూరు తమ్ముడి ప్రశ్నకు. రెండో ప్రపంచ యుద్ధంలో అరవై వేల మంది అమెరికన్ సైనికుల మీద మస్టర్డ్ గ్యాస్, అలాగే బొబ్బలెక్కించే లూయిసైట్ అనే ఇంకో విషం పరీక్షలు జరిగాయి. కొన్నిటిని నల్లజాతి, జపనీస్ అమెరికన్, ప్యూర్టోరికో సైనికుల మీద వేరుగా చేశారు, వాళ్ళ చర్మం తెల్లవాళ్ళ చర్మంతో పోలిస్తే ఎలా స్పందిస్తుందో చూడటానికి. రావల్పిండి ప్రశ్నే, సముద్రం అవతల. ఎవరికీ చెప్పబోమని వాళ్ళతో ఒట్టు వేయించారు, దాన్ని 1990ల దాకా ఎత్తేయలేదు. ఒంటి మీద మచ్చలకు కారణం డాక్టరుకి కూడా చెప్పలేక చచ్చిపోయినవాళ్ళున్నారు.

పాలమూరు_పోరడు:
డాక్టర్‌కు కూడా చెప్పొద్దా? అదేం న్యాయం అన్నా!

ల్యాబ్_కోటు:
నేను క్లినికల్ రీసెర్చ్‌లో పని చేస్తాను. మస్టర్డ్ గ్యాస్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డాక్టరుకి చెప్పకపోవడం ఎంత పెద్ద విషయమో అప్పుడే అర్థమవుతుంది. పేరుకి గ్యాస్ కానీ అది మామూలు వేడిలో నూనెలాంటి ద్రవం. ఒంటికి తగిలినప్పుడు నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత ఎర్రబడి బొబ్బలు లేస్తాయి. చెమట పట్టే చోట్ల, చంకల్లో, గజ్జల్లో ఎక్కువ. కళ్ళు, ఊపిరితిత్తులు పాడవుతాయి. అది కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, అందుకే ఏళ్ళు గడిచాక క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. అంటే ఇరవై ఏళ్ళ వయసులో గ్యాస్ తగిలినవాడికి యాభైలో దగ్గు మొదలైతే, ఆ పాత సంగతి డాక్టరుకి తెలియకపోతే బీడీ వల్ల అనుకుంటారు. రావల్పిండి వాళ్ళది ఇంకా దారుణం, వాళ్ళు ఊళ్ళకు తిరిగి వెళ్ళిపోయారు, దేశం రెండు ముక్కలైంది, చేతిలో ఒక్క కాగితం కూడా లేదు.

ఎర్రమట్టి గారు ఇందులో వర్గం కూడా ఉందన్నారు, అక్కడ విభేదిస్తాను. ఎడ్జ్‌వుడ్‌కి ఎంపిక చేసినవాళ్ళు మరీ బీద, చదువురానివాళ్ళు కారు, పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినవాళ్ళనే కావాలని ఎంచుకున్నారు. కాబట్టి "పేదవాళ్ళను బలి ఇచ్చారు" అనే సూత్రం అన్ని చోట్లా అతకదు.

పైగా సైంటిస్టులు తమ మీద తాము కూడా చేసుకున్నారు. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ని తీసుకోండి. మన దేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. 1939లో థెటిస్ అనే సబ్‌మెరైన్ మునిగి 99 మంది చనిపోతే, అందులో గాలి ఎలా విషమైందో తేల్చడానికి ఆయన స్వయంగా చాంబర్‌లో కూర్చున్నారు. ఆయన గట్టి కమ్యూనిస్టు కూడా.

ఎర్రమట్టి:
హాల్డేన్ సంగతి ఎత్తినందుకు సంతోషం, ఎందుకంటే ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతుంది. ఆ పనికి హాల్డేన్‌ని పెట్టుకున్నది కార్మిక సంఘాలు, చనిపోయినవాళ్ళలో వాళ్ళ సభ్యులున్నారు కాబట్టి. ఆయన వెంట చాంబర్‌లోకి వెళ్ళినవాళ్ళు స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడి వచ్చిన సహచరులు. ఏం పీలుస్తున్నారో, ఎందుకు పీలుస్తున్నారో వాళ్ళకు తెలుసు, ఇక చాలు ఆపండి అంటే ఆగిపోతుంది. అదే గాలి, అదే చాంబర్, కానీ అక్కడ యజమాని వేరు. మాడిసన్ చేతి మీద చుక్కలు లెక్కపెడుతున్నవాడు అతనికి పైఅధికారితో సమానం. మాడిసన్ ఆపమంటే ఎవరు వింటారు?

ఎడ్జ్‌వుడ్ గురించి మీరన్నది నిజం. అందుకే నేను పేదరికం అనే మాట దగ్గర ఆగడం లేదు. వర్గం అంటే జేబులో ఎంతుందనేది ఒక్కటే కాదు కదా. ఎవరు ఆజ్ఞ ఇస్తారు, ఎవరు పాటిస్తారు, ఎవరి దగ్గర కాగితాలుంటాయి, ఎవరు కోర్టుకి వెళ్ళగలరు, వెళ్తే తలుపు తెరుచుకుంటుందా, ఇవన్నీ. బ్రిటన్‌లో చట్టం చూడండి. 1947లో క్రౌన్ ప్రొసీడింగ్స్ యాక్ట్ తెచ్చి, మొట్టమొదటిసారి మామూలు పౌరుడు ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేసుకోవచ్చన్నారు. అదే చట్టంలో 10వ సెక్షన్ పెట్టి సైనికుడిని మాత్రం బయట నిలబెట్టారు. ఆ అడ్డు తీసేసింది 1987లో, అది కూడా అక్కడి నుంచి ముందుకే, పాతవాళ్ళకు వర్తించకుండా. ఫ్యాక్టరీ కార్మికుడు యంత్రంలో చెయ్యి పోతే యజమానిని కోర్టుకి లాగగలడు. యూనిఫాం వేసుకున్న కార్మికుడి యజమాని రాజ్యం, డాక్టరు రాజ్యం, రిపోర్టు దాచేది రాజ్యం, ఆఖరికి జడ్జిని కూర్చోబెట్టేదీ రాజ్యమే.

2008లో పోర్టన్ డౌన్‌కి వెళ్ళొచ్చిన 360 మందికి కలిపి ముప్పై లక్షల పౌండ్లు ఇచ్చారు. తలకు ఎంతొస్తుందో లెక్కేసుకోండి. అదీ బాధ్యత ఒప్పుకోకుండానే.

గోదారి_గట్టు:
ఇంతసేపూ చదువుతున్నాను. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అందరికీ తెలిసిందే, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి ఇంటింటికీ మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. దాన్ని గర్వంగానే చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం జరిగిందో ఇంట్లో పెద్దగా చెప్పేవాళ్ళు కాదని పెద్దవాళ్ళు అంటుంటారు. మనవాళ్ళు రావల్పిండి గదుల్లో ఉన్నారా లేదా అన్నది ఏ కాగితంలో వెతకాలి? బ్రిటన్ సైనికులకు పేరు పెట్టి విచారణ జరిగింది, పోలీసులు ఏళ్ళ తరబడి దర్యాప్తు చేశారు. మన సిపాయిలకు పేర్ల జాబితా అయినా అడిగిన ప్రభుత్వం ఉందా? ఢిల్లీ అడగాలి, ఇస్లామాబాద్ కూడా అడగాలి.

మాజీ_హవల్దార్:
గోదారి గట్టు గారు అన్న మాట నాకు సూటిగా తగిలింది. ఇది మా సమస్య, మాజీ సైనికుల సంఘాలు ఎత్తుకోవాల్సింది. పింఛను గురించి ఢిల్లీలో కూర్చున్నవాళ్ళం దీని గురించి ఒక వినతిపత్రం కూడా ఇవ్వలేదు.

అయితే మన దేశంలో కోర్టు తలుపు పూర్తిగా మూసి లేదు అని చెప్పాలి. 2023 సెప్టెంబర్‌లో మన సుప్రీంకోర్టు ఎయిర్‌ఫోర్స్ మాజీ ఉద్యోగి ఒకాయనకి కోటీ 54 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. పాకిస్తాన్ సరిహద్దుకి సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్‌లో డ్యూటీలో ఉండగా 2002లో మిలటరీ ఆస్పత్రిలో ఎక్కించిన రక్తం వల్ల హెచ్‌ఐవీ సోకింది. అది ప్రయోగం కాదు, నిర్లక్ష్యం. కానీ ఆర్మీనీ ఎయిర్‌ఫోర్స్‌నీ ఇద్దరినీ బాధ్యులను చేసింది. క్రమశిక్షణ దెబ్బతింటుందని కొట్టేయలేదు. అమెరికాలో స్టాన్లీకి కోర్టులో దొరకనిది ఇక్కడ దొరికింది.

టెక్సాస్_నుంచి:
మంచి తీర్పు హవల్దార్ గారూ, నేను చదివాను. కానీ ఆయన ఎన్నేళ్ళు తిరగాల్సి వచ్చిందో కూడా చూడండి. పైగా మన రాజ్యాంగంలో 33వ అధికరణ ఉంది, సాయుధ బలగాల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించవచ్చని. సంఘం పెట్టుకోవడానికి, పత్రికలతో మాట్లాడటానికి సర్వీసులో ఉన్న జవానుకి ఆంక్షలున్నాయి. జరగరానిది ఏదైనా జరుగుతుంటే జరుగుతున్నప్పుడే చెప్పే దారి లేకపోతే, పదవీ విరమణ అయ్యాక వచ్చే పరిహారం ఎవరికి కావాలి?

మందుల_షాపు:
ఇదంతా ఎక్కడిదో అనుకోకండి. సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు కదా, నోబెల్ కూడా వచ్చింది. ఆయన సైనిక హోదా ఉన్న ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. ఆ అణా తీసుకున్నవాడి పేరు ఎంతమందికి తెలుసు?

ల్యాబ్_కోటు:
రాస్‌ని పోర్టన్ డౌన్‌తో కలపడం అన్యాయం అండీ. ఆ రోగికి అప్పటికే మలేరియా ఉంది, దోమలు అతని నుంచి తీసుకున్నాయే తప్ప కొత్తగా జబ్బు అంటించలేదు, దాని వల్ల కోట్ల మంది బతికారు. కావాలంటే 1900లో క్యూబాలో అమెరికన్ ఆర్మీ డాక్టరు వాల్టర్ రీడ్ చేసినది చూడండి. పచ్చజ్వరం దోమల వల్ల వస్తుందని తేల్చడానికి సైనికులను, స్పెయిన్ నుంచి వలస వచ్చినవాళ్ళను దోమలతో కుట్టించారు. కానీ ముందే ప్రాణం పోవచ్చని రాసి సంతకాలు తీసుకున్నారు, స్పానిష్ వాళ్ళకు స్పానిష్ భాషలోనే ఇచ్చారు. నూరు డాలర్ల బంగారం, జబ్బు చేస్తే ఇంకో నూరు. రహస్యం లేదు. 1900లోనే సరిగ్గా చేయడం తెలిసినప్పుడు 1953లో అది వేరే కాలం అనే వాదన నిలబడదు.

ఎర్రమట్టి:
చివరి వాక్యం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. కానీ పని కోసం వలస వచ్చినవాడికి నూరు డాలర్ల బంగారం చూపించి, ఇష్టపూర్వకంగా సంతకం పెట్టాడు అనడం నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు.

మన్యం_అమ్మాయి:
నాది భద్రాచలం వైపు. సైన్యం గురించి నాకు తెలియదు కానీ సంతకం గురించి తెలుసు. 2009లో పాత ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టారు, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు వేల పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ మరణాలు టీకా వల్ల కాదని ప్రభుత్వ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, దాని మీద నాకు అనుమానం లేదు, నేనూ వేయించుకోమనే చెప్తాను. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సమ్మతి తీసుకున్న పద్ధతిని గట్టిగా తప్పుబట్టింది. అడవిలో ఉన్న అమ్మానాన్నలను అడగాల్సిన మాటను వార్డెన్‌ను అడిగి సరిపెట్టారు. మీరు చెప్తున్న కమాండింగ్ ఆఫీసరుకీ ఈ వార్డెన్‌కీ నాకు తేడా కనపడలేదు, అన్నం పెట్టేవాడే సంతకం కూడా పెడితే పిల్ల ఏమంటుంది?

ల్యాబ్_కోటు:
మీరు చెప్పింది నిజం, ఆ తర్వాతే ఇక్కడ కొంత మారింది. ఇప్పుడు బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ మీద కొత్త మందు ట్రయల్ చేస్తే సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలి. ఐసీఎంఆర్ నియమావళిలో ఖైదీలు, విద్యార్థులతో పాటు సర్వీసు సిబ్బందిని కూడా స్వేచ్ఛ తక్కువ ఉన్నవాళ్ళ కింద చేర్చారు, అంటే పైఅధికారి ఒత్తిడి ఉంటుందని రూల్ రాసినవాళ్ళే ఒప్పుకున్నారు.

మాజీ_హవల్దార్:
రూల్ ఉంటే సంతోషం. కానీ ఫాలిన్‌లో, అంటే అందరినీ వరుసలో, నిలబెట్టి "ఎవరైనా వద్దనేవాళ్ళు చెయ్యెత్తండి" అంటే ఎవడు ఎత్తుతాడండీ? వీడియోలో కూడా వాడు సరే సార్ అనే అంటాడు. నన్నడిగితే సమ్మతి అడిగేటప్పుడు యూనిట్ ఆఫీసరు ఆ గదిలోనే ఉండకూడదు. ఎవరు ఒప్పుకున్నారో ఎవరు కాదన్నారో యూనిట్‌కి తెలియకూడదు. కాదన్నవాడి సెలవులో, ప్రమోషన్‌లో తేడా రాకూడదు. అడిగేది బయటి డాక్టరు అయ్యుండాలి, ఆ కాగితం ఒక కాపీ జవాను ఇంటికి, అతని భాషలో వెళ్ళాలి.

ఎర్రమట్టి:
హవల్దార్ గారూ, దానికి ఇంకొకటి చేర్చండి, ఎన్నేళ్ళ తర్వాతైనా తన వైద్య రికార్డు మొత్తం, రహస్యం అని ముద్ర ఉన్నది కూడా, అడిగి తీసుకునే హక్కు. అది ఉండి ఉంటే స్టాన్లీ 17 ఏళ్ళు చీకట్లో ఉండేవాడు కాదు. గోదారి గట్టు గారు అడిగిన పేర్ల జాబితా కోసం ఒక వినతిపత్రం రాద్దాం, రక్షణ శాఖకీ, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌కీ. డ్రాఫ్టు నేను మొదలుపెడతాను. చట్టం సంగతులు టెక్సాస్ మిత్రుడు చూడాలి, సైన్యం భాష మీరు సరిదిద్దాలి.

మాజీ_హవల్దార్:
పంపండి. మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నాకు తెలిసినవాళ్ళున్నారు, సోమవారం వెళ్ళి మాట్లాడతాను.